అబ్రాసులో నల్ల ఈక

మా తమ్ముడు పోయాడు. ఆసుపత్రిలో వాడి దగ్గర చెల్లెలు ఉంది. నేను ఇంటి దగ్గర పెరట్లో పుంజుకు నీళ్లు మారుస్తున్నాను. ఫోన్ మోగింది. "అక్కయ్యా, ఇంక పరుగెత్తుకు రానక్కర్లేదు. నెమ్మదిగా రా," అంది. అంతే అంది. నాకు అర్థమైంది.

పుంజు మీద గంప బోర్లించాను. చేతులు కడుక్కున్నాను. చీర మార్చుకున్నాను. ఆటో ఎక్కి సగం దూరం వెళ్లాక తెలిసింది, చీర మార్చుకోవలసిన పని లేదని. కోళ్ల దుమ్ము అంటిన బట్టలతో వాడి దగ్గరికి వెళ్లకూడదని డాక్టరుగారు చెప్పిన నాటి నుంచి చేతులకు అలవాటైపోయిన పని అది. ఇక వాడిని ఏ దుమ్మూ ఏమీ చేయదు.

వాడి గురించి నాలుగు మాటలు రాయమని మన చర్చి సంఘం వాళ్లు అడిగారు. నాకు ఎక్కువ మాటలు రావు. వాడికి వచ్చు. వాడి మాటలే కొన్ని ఇక్కడ రాస్తాను.

మేం ముగ్గురం. నేను పెద్దదాన్ని. నా తర్వాత చెల్లెలు, చల్లపల్లిలో కాపురం. అందరికంటే చిన్నవాడు వీడు. అమ్మ పోయేనాటికి వాడింకా నిక్కర్లలో ఉన్నాడు. నాకు పెళ్లి కాలేదు, వాడు చేసుకోలేదు. నేను స్కూల్లో పాఠాలు చెప్పాను. వాడు ఆటోనగర్‌లో కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టాడు. విజయవాడలో బుడమేరు వైపు పల్లంగా ఉండే వీధి మాది. ఈ వీధిలో వాడిని ఎవరూ పేరుతో పిలవలేదు. కోళ్లాయన అనేవారు. నన్ను కోళ్లాయన అక్కగారు అనేవారు.

"పందెం కోళ్లా అండీ?" అని కొత్తగా వచ్చినవాళ్లంతా అడిగేవారు.

"కాదండీ. అందాల పోటీ కోళ్లు."

"ఓహో, మిస్ ఆంధ్రానా?"

"మిస్టర్ ఆంధ్రా అండీ. మా దాంట్లో ఆడవాళ్లకి పోటీ లేదు," అనేవాడు మా తమ్ముడు, చాలా మర్యాదగా.

పాస్టరుగారికి కూడా మొదట్లో అనుమానమే. కత్తి కట్టే కోళ్లేమోనని. ఒకసారి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకుంటే, ఆయన ప్రతి వాక్యం ముగించిన చోటల్లా పెరట్లోంచి పుంజు కూసింది. ఆయన కళ్లు తెరిచి, "మీ తమ్ముడు చర్చికి రాకపోయినా, వాడి కోళ్లు మాత్రం ఆమేన్ బాగా చెబుతున్నాయమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి ఆయన అనుమానం పోయింది. మా తమ్ముడు మాత్రం చర్చికి అప్పటికీ సరిగ్గా రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మన వైపు జాతి కోళ్లకు రంగును బట్టే పేరు. ఎర్రది డేగ. నల్లది కాకి. తెల్లది సేతువ. మెడ నుంచి తోక దాకా బంగారు రంగుంటే దాన్ని అబ్రాసు అంటారు. అది అరుదు. అందాల పోటీలో ముక్కు చూస్తారు, చిలకముక్కులా వంగి ఉండాలి. కన్ను చూస్తారు, కాళ్లు చూస్తారు, తోక చూస్తారు. అన్నీ కుదిరాక రంగు చూస్తారు. అబ్రాసు అని పేరిచ్చి తెచ్చిన పుంజులో ఒక్క నల్ల ఈక కనబడినా అది అబ్రాసు కాదు.

మా తమ్ముడికి అబ్రాసు కావాలి. మరేదీ వద్దు.

సాయంత్రం షాపు మూసి వచ్చి, స్నానం కూడా చేయకుండా పెరట్లో కూర్చునేవాడు. పుంజును ఒళ్లో పెట్టుకుని, రెక్క విప్పి, ఒక్కో ఈక వేళ్ల మధ్య జరుపుతూ చూసేవాడు. "ఇత్తడి రంగు కాదక్కా. ఇత్తడి అరుస్తుంది. కొత్త రాగి తీగ కూడా కాదు, అది మరీ ఎరుపు. ఆ రెండిటి మధ్య ఒకటుంది," అనేవాడు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని పోటీ పుంజులను నీడలోనే ఉంచేవాడు. గంప కింద, గంప మీద తడి గోనె. లోపల చీకటి. నాకది చూస్తే ఊపిరాడేది కాదు.

"అంత అందం ఇచ్చి గంప కింద పెడతావేంరా?" అన్నానొకసారి.

"బయట పెడితే అందం పోతుందక్కా. లోపల పెడితే కోడి పోతుంది. ఏం చేయమంటావు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ వంశంలో ఒక నల్ల ఈక ఉండేది. ఎడమ వైపు, తోక మొదట్లో. తండ్రికి వచ్చింది, కొడుక్కి వచ్చింది, మనవడికి వచ్చింది. పుంజు ఒళ్లంతా బంగారమే. ఆ ఒక్క చోట బొగ్గుతో గీసినట్టు. ఈ పనిలో ఉన్న చాలామంది పోటీ రోజు పొద్దున అలాంటి ఈకను పీకేస్తారు. తప్పని కూడా అనుకోరు. పెళ్లికి వెళ్లే ముందు గడ్డం చేసుకోవడం లాంటిది అంటారు. మా తమ్ముడు పీకలేదు.

"పీకితే పోయేది ఈక. రంగు కాదు," అనేవాడు.

ఒకసారి అలాగే నల్ల ఈకతో పుంజును పోటీకి తీసుకెళ్లాడు. ముక్కు చూసి, కన్ను చూసి జడ్జీలు ముచ్చటపడ్డారట. తోక చూసి తల అడ్డంగా ఊపారట. వాళ్లలో పెద్దాయన మంచి మనిషి. "బాబూ, అబ్రాసు అని రాయిస్తే నిలబడదు. వేరే రంగు పేరుతో రాయించుకో. ఆ వరసలో నీదే మొదటిది," అన్నాడట. మా తమ్ముడు దణ్ణం పెట్టి, పుంజును చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

"పేరు మార్చి గెలిస్తే గెలిచింది ఎవరక్కా?" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

మా ఇంట్లో అందరికీ బడిలో రాయించిన పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి. అవసరాన్ని బట్టి ఏది చెప్పాలో మాకు చిన్నప్పుడే నేర్పారు. వాడు మాత్రం తన కోడికి ఒక్క పేరే ఉండాలన్నాడు.

మైలవరంలో ఒక పెద్దాయన ఉన్నారు. కోళ్ల పెంపకంలో మా తమ్ముడికి గురువులాంటివారు. ఆయన ఈకలు పీకుతారు, పీకుతానని బాహాటంగానే చెబుతారు. ఆయన ఒక రోజు బస్సులో సంచి పట్టుకుని వచ్చారు. సంచిలోంచి ఒక పెట్టను తీశారు. మట్టి రంగు. దానిలో ఎక్కడా మెరుపు లేదు.

"ఇదేం పెట్ట బాబాయిగారూ, బూడిదలో పొర్లినట్టుంది," అన్నాను.

"అమ్మాయ్, పుంజు చూపిస్తది. పెట్ట దాస్తది. నీ తమ్ముడు ఇన్నాళ్లూ పుంజుల్లో వెతికాడు. ఆ నలుపు పుంజులోంచి రావట్లేదు, పెట్టల్లోంచి వస్తంది. దీని కొడుకుల్లో నలుపు లేదు, నేను చూశా. దీన్ని జత కట్టి చూడమను."

ఆ పెట్టను చూసిన మా తమ్ముడి ముఖం ఇప్పటికీ కనిపిస్తుంది నాకు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఎవరినీ అలా చూసి ఉండరు.

ఆ పెట్ట వచ్చిన కొద్ది నెలలకే వాడికి ఆయాసం మొదలైంది. ముందు మెట్లెక్కితే వచ్చేది. తర్వాత మాట్లాడితే. తర్వాత ఊరికే కూర్చున్నా. దగ్గు మందులు వాడాం. రాగి తీగకు పూసే వార్నిష్ వాసన వల్లేమో అనుకున్నాం. షాపు మానేశాడు. తగ్గలేదు. చివరికి ఊపిరితిత్తుల డాక్టరుగారు స్కాన్ చూసి, "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పక్షుల ఈకల దుమ్ము, ఎండిన రెట్ట దుమ్ము కొందరి ఒంటికి పడదట. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయట. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మిగిలిన దాన్ని కాపాడుకోవాలంతే. "కోళ్లుంటే మీరుండరు. మీరుండాలంటే కోళ్లుండకూడదు," అన్నారు డాక్టరుగారు.

బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, "డాక్టరుగారికి మాటలు బాగా వచ్చక్కా," అన్నాడు.

కోళ్లన్నిటినీ మైలవరం పంపించేశాడు. పెద్దాయనే వ్యాన్ తెచ్చుకున్నారు. చివరికి నల్ల ఈక ఉన్న బంగారు పుంజు, మట్టి రంగు పెట్ట మిగిలాయి. వాటిని వ్యాన్ ఎక్కించలేకపోయాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను అడిగాడు.

"అక్కా, ఈ ఒక్క జత. దీని పిల్లల్ని చూసేదాకా. నువ్వు చూస్తావా?"

ఏ మాటైనా ప్రార్థన చేసుకుని చెప్పడం నా అలవాటు. ఆ ఒక్కసారి ముందు సరే అన్నాను, తర్వాత ప్రార్థన చేసుకున్నాను.

అప్పటి నుంచి మా ఇల్లు రెండయింది. వాడు మేడ మీది గదిలో. కోళ్లు కింద పెరట్లో. గదికి పెరటి వైపు ఒక కిటికీ. దానికి ఊచలు, ఊచల బయట అద్దం. అద్దం తీయకూడదు. తలుపు తీసి ఉంచకూడదు. నేను పొద్దున్నే కోళ్ల పని చూసి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని వాడికి టిఫిను తీసుకెళ్లాలి. సాయంత్రం మళ్లీ అంతే. మధ్యలో పొరపాటున పుంజును ముట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి. చల్లపల్లి వెళ్లి చెల్లెలి దగ్గర ఒక్క పూట ఉండి రావడానికి లేదు. ఉపవాస కూడికలకు వెళ్లడానికి లేదు. ఒకటి పైన, ఒకటి కింద, నాకు రెండు గంపలు. ఏ గంప ఎత్తాలన్నా రెండోదాన్ని ముట్టకూడదు.

వాడు దీని గురించి ఎప్పుడూ జాలి పడలేదు, నన్ను పడనివ్వలేదు. పైనుంచి ఫోన్ చేసేవాడు. నేను ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పుంజును రెండు చేతులా ఎత్తి కిటికీకి చూపించేదాన్ని.

"కొంచెం ఎడమకి తిప్పక్కా. నీ ఎడమ కాదు, దాని ఎడమ."

"దాని ఎడమే తిప్పాను."

"అయితే అది కుడివైపు తిరిగింది. దాన్ని అడుగు."

"నువ్వే అడుగు, నీ మాటైతే వింటుంది."

"ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు మరి."

పెట్టాను కూడా. పుంజు ఉలిక్కిపడి నా చెంప మీద రెక్కతో కొట్టింది. పైన అద్దం వెనక వాడు నవ్వడం, నవ్వు దగ్గుగా మారడం, దగ్గులో వంగిపోవడం చూశాను. తర్వాత మెల్లగా లేచి, చేయి ఊపి, ఫోన్‌లో, "చాలక్కా, దింపు," అన్నాడు. రోజూ ఆ మాటతోనే ముగించేవాడు. చాలక్కా, దింపు.

బుడమేరు వీధుల్లోకి వచ్చిన ఏడాది మీకందరికీ గుర్తుంది. ఆ ఆదివారం పొద్దున నేను చర్చికి తయారవుతుంటే గేటు కింద నుంచి నీళ్లు వచ్చాయి. మొదట చీపురుతో ఊడ్చాను. అంత తెలివి. కాసేపటికి మోకాళ్ల దాకా వచ్చాయి. పక్కింటివాళ్లది రేకుల ఇల్లు. ఆవిడ, ఆవిడ అత్తగారు, చిన్నపిల్ల, ముగ్గురూ మా మేడ మీదికి వచ్చేశారు. ఆవిడ భర్త పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. కంగారులో ఆవిడ సర్టిఫికెట్లు వదిలేసి పోపుల డబ్బా పట్టుకొచ్చింది. అత్తగారు ఆ డబ్బాను చూసి, "భలే దానివే తల్లీ, నీళ్లల్లో తాలింపు పెడతావా?" అంది.

నేను కోళ్లను తెచ్చాను. ఒక చంకలో పుంజు, ఒక చంకలో పెట్ట. మెట్ల పైన, గది తలుపుకు బయట, చిన్న రేకు నీడ ఉంది. అక్కడ గంపల కింద పెట్టాను. వాన ఆగలేదు. మేడ మీద మరెక్కడా నీడ లేదు.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. కరెంటు లేదు. ఫ్యాను లేదు. ఒక్క గదిలో అయిదుగురం. చుట్టూ నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. తలుపు తీస్తే తడిసిన కోళ్ల గాలి లోపలికి వచ్చేది, వాడికి దగ్గు తెరలు వచ్చేవి. తలుపు వేస్తే గాలే లేదు. తీసినా ఊపిరి పోతుంది, వేసినా ఊపిరి పోతుంది. వాడు గోడకు ఆనుకుని, నోటికి తడిగుడ్డ పెట్టుకుని, తలుపు వంకే చూస్తుండేవాడు. నేను ఆ తలుపు పట్టుకుని తీస్తూ వేస్తూ ప్రార్థన చేశాను. ఆ రోజుల్లో నా ప్రార్థనలో మాటలు లేవు. తలుపే ఉంది.

పడవలు పెద్దరోడ్డు దాకా వస్తున్నాయని విన్నాం. మా సందులోకి రాలేదు. మూడో రోజుకు బిస్కెట్లు కూడా అయిపోయాయి. వాడి గదిలో టీ పెట్టుకునే చిన్న గ్యాస్ పొయ్యి ఉంది. పోపుల డబ్బా ఉంది. పక్కింటి పిల్ల ఏడవడం మానేసి ఊరికే పడుకుంది. ఏడ్చినప్పటి కంటే అదే భయం వేసింది.

అప్పుడు వాడన్నాడు. "అక్కా, కోసెయ్యి."

తర్వాత పక్కింటావిడ, "వద్దండీ అన్నయ్యగారూ, ప్రాణంగా పెంచుకున్నారు," అంది. అత్తగారు, "శ్రావణమాసం కూడానూ," అని, పిల్ల వైపు చూసి, "అమావాస్య వెళ్లిపోయిందిలే. ఉన్నా వరదలో కొట్టుకుపోయి ఉంటది," అంది.

నేను బయటికి వెళ్లి పెట్ట మీది గంప ఎత్తాను. ఎవరైనా అదే చేస్తారు. ఒకటి బంగారు పుంజు, ఒకటి మట్టి పెట్ట. వాడు లోపలి నుంచి చూశాడు.

"అక్కా, అది కాదు. పుంజు."

నాకు వినబడలేదేమో అనుకుని మళ్లీ అన్నాడు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నాడు. "పుంజు పని అయిపోయింది. అది పోయినా, దాని మాట కొన్నాళ్లు పెట్ట దగ్గరుంటుంది. ఇప్పటి నుంచి పెట్టే గుడ్లు కూడా కొన్ని రోజుల దాకా దానివే. పెట్టను కోస్తే ఇద్దరూ పోయినట్టే."

కోళ్లు పెంచేవాళ్లకు ఇది తెలిసిన సంగతేనట. నాకప్పటిదాకా తెలియదు. పుంజును తీసుకున్నాను. ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేశాను. తర్వాత చేయవలసింది చేశాను. ఈకలు నీళ్లలో వేయడానికి మనసొప్పక ఒక సంచిలో పెట్టాను. గంప ఒకటి ఖాళీ అయింది. అప్పటికి వాన తెరిపిచ్చింది, పెట్టను మెట్ల కిందికి, నీళ్లు తగలని మెట్టు దాకా దింపాను. తలుపు తీశాం. గాలి వచ్చింది.

అందరం తిన్నాం. వాడూ రెండు ముద్దలు తిన్నాడు. అందరూ వాడి ముఖమే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైందక్కా," అన్నాడు.

అత్తగారు పెద్దగా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుంది. పిల్ల ఇంకొంచెం పెట్టమంది.

నీళ్లు తీశాక ఇంట్లో మిగిలింది బురద. ఆ బురద కడుగుతున్న రోజుల్లోనే పెట్ట, వాడి పాత వైండింగ్ సామాను ఉండే చెక్కపెట్టెలో గుడ్లు పెట్టింది. పొదిగింది. కొన్ని మురిగిపోయాయి. కొన్ని పిల్లలయ్యాయి. ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది, కొన్ని జబ్బు చేసి పోయాయి. ఒక పుంజుపిల్ల నిలిచింది. పిల్లప్పుడు రంగు తెలియదు. బూడిద రంగు నూగే ఉంటుంది. ఈకలు మారి, మళ్లీ మారి, మెడ మీద మొదటి బంగారు ఈక వచ్చిన రోజు నేను ఫోన్ చేయకుండా మెట్ల కింద నిలబడి, "ఒరేయ్!" అని అరిచాను. నేను అరవడం వాడు ఎప్పుడూ వినలేదట. భయపడి కిటికీకి వచ్చాడు.

ఆ వరద రోజుల గాలే వాడిని తీసుకెళ్లిందని చెల్లెలు అంటుంది. నేను ఔననను, కాదనను. ఆ తర్వాత వాడు మెట్లు దిగింది ఆసుపత్రికి వెళ్లడానికే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం వచ్చింది. ఆ గొట్టం పొడవు ఎంతో వాడి ప్రపంచం అంత. మంచం, కుర్చీ, కిటికీ. కిటికీ దాకా అందేది. వాడికి అది చాలన్నాడు.

పుంజు ఎదిగింది. ముక్కు చిలకముక్కు. మెడ, వీపు, రెక్క, అంతా వాడు చెప్పిన ఆ రంగే, ఇత్తడీ కాదు, రాగీ కాదు. మైలవరం పెద్దాయన చూడటానికి వచ్చారు. తోక విప్పి చూశారు. మళ్లీ మూశారు. పైకి, కిటికీ వైపు చూడలేదు.

"అమ్మాయ్, ఉంది," అన్నారు మెల్లగా. ఎడమ వైపు, తోక మొదట్లో. అదే చోట.

"మీ పెట్ట కొడుకుల్లో నలుపు లేదన్నారుగా బాబాయిగారూ?"

"దీని తండ్రిక్కూడా ఒకటుందిగదమ్మా. దాని మాట గట్టిది." పుంజు వీపు నిమిరి, "పీకేద్దాం. అంత దూరం నుంచి వాడికి కనబడదు. ఒక్కసారి అబ్రాసు అని చూసుకోనీ. బిడ్డ సంతోషిస్తాడు," అన్నారు.

ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. నేను ఆయన చేయి పట్టుకున్నాను. పీకనివ్వలేదు.

ఫోన్ మోగింది. నేను పుంజును ఎత్తి కిటికీకి చూపించాను. అద్దం మీద వాడి ఊపిరి ఆవిరి. తుడిచాడు. మళ్లీ ఆవిరి.

"సరిగ్గా కనబడటం లేదక్కా. నల్ల ఈక ఉందా?"

ఒక్క అబద్ధం చాలు. అది కూడా ప్రేమతోనే. నాకు నోరు రాలేదు.

"ఉందిరా," అన్నాను.

అవతల ఆక్సిజన్ మెషిన్ చప్పుడొక్కటే. తర్వాత నవ్వు వినబడింది.

"ఉండకుండా ఎలా ఉంటుందిలే. వాళ్ల నాన్నని ఉప్పు తక్కువేసి తిన్నాం కదా," అన్నాడు. ఊపిరి తీసుకుని, "ఈకలు రాల్చుకునే కాలం వస్తుంది. అప్పుడు కొత్త తోక వస్తుంది. ఒక్కోసారి మారుతుంది. ఎక్కువసార్లు మారదు. చూద్దాం. చాలక్కా, దింపు."

అప్పటి నుంచి వాడు ఆ కాలం కోసం ఎదురుచూశాడు. ఏదైనా కావాలని అడగడం వాడికి అలవాటు లేదు. ఒకసారి మాత్రం, నేను ప్రార్థన చేసి లేస్తుంటే, "అక్కా, నీ ప్రార్థనలో నా ఊపిరి గురించే అడుగుతున్నావా? తోక గురించి కూడా ఒక మాట వెయ్యి," అన్నాడు. వేశాను. నవ్వుకోకండి. దేవుడికి చిన్నా పెద్దా లేదు.

ఈకలు రాలడం మొదలైంది. ముందు మెడ. రోజూ గంప ఎత్తితే కింద బంగారు ఈకలు. తర్వాత వీపు. పుంజు మెడ బోసిపోయి, సిగ్గుపడినట్టు మూలకు నిలబడేది. "ఇప్పుడు అందాల పోటీకి తీసుకెళ్తే తరిమి కొడతారు," అన్నాడు వాడు ఫోన్‌లో. గొంతు బాగా తగ్గిపోయింది అప్పటికి. చివరికి తోక ఈకలు రాలాయి. ఆ నల్ల ఈక నాకు ఒక పొద్దున గంప అంచున దొరికింది. కడిగి, ఎండబెట్టి, కవర్లో పెట్టి, పొడుగాటి కర్రకు కట్టి అద్దం దాకా ఎత్తి చూపించాను. వాడు కిటికీ ఊచలు పట్టుకుని దాన్నే చూశాడు. ఏళ్ల తరబడి వెంటపడిన మనిషిని చివరికి ఎదురుగా చూసినట్టు చూశాడు.

ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్ట్రెచర్ మీద మెట్లు దిగుతూ, మాస్కు కొంచెం పక్కకు తీసి, "ముల్లు వచ్చిందా?" అని అడిగాడు. కొత్త ఈక మొదట ముల్లులాగే వస్తుంది. చుట్టూ పల్చని పొర. లోపల ఈక చుట్టుకుని ఉంటుంది. ఆ పొర విడిచేదాకా ఏ రంగో ఎవరూ చెప్పలేరు.

"ఇంకా రాలేదురా," అన్నాను.

"తొందరలేదులే," అన్నాడు. అది వాడు నాతో అన్న చివరి మాట.

మట్టి చేసి వచ్చిన మర్నాడు మైలవరం పెద్దాయన గేటు దగ్గర నిలబడ్డారు. "పుంజునూ పెట్టనూ నాకిచ్చేయమ్మా. ఇన్నాళ్లూ చేశావు. నీకెందుకింక ఈ చెర?" అన్నారు. చెల్లెలు నా బట్టలు కూడా సర్దేసింది. "తాళం వేసి వచ్చేయక్కయ్యా. నిన్నింక కట్టేసేదేముంది?" అంది.

నిజమే. పై గది తలుపు తీసే ఉంది. అద్దం తీసేశాను. ఏ చీరతోనైనా మెట్లెక్కవచ్చు. ఇన్నేళ్ల తర్వాత ఎక్కడికైనా వెళ్లవచ్చు. గేటు దాకా వెళ్తాను. కాళ్లు అక్కడ ఆగిపోతాయి.

"తోక రానీ. వస్తాను," అన్నాను వాళ్లిద్దరితోనూ.

ఈ పొద్దున గంప ఎత్తాను. తోక మొదట్లో, ఎడమ వైపు, ముల్లు వచ్చింది. పొర ఇంకా విడలేదు. చేతులకు అలవాటైన పనే కదా, పుంజును ఎత్తి, తోక పై కిటికీ వైపు తిప్పి నిలబడ్డాను. దాని ఎడమకే తిప్పాను. ఎండ ఊచల మీద పడింది. చేతులు లాగుతున్నాయి. చాలక్కా, దింపు అని ఎవరూ అనలేదు. అందుకని అలాగే పట్టుకుని నిలబడ్డాను. పుంజు నా చేతుల్లో కదలకుండా, నెమ్మదిగా ఊపిరి తీస్తోంది.